నాలుక మీద కర్పూరం

మన బడి సంచికకు ఏదైనా రాయమంటే అందరూ సార్ల బెత్తాల గురించే రాస్తారని నాకు తెలుసు. నేను దాని జోలికి పోను. పదో తరగతిలో ఉండగా బడి బయట విన్న ఒక ఉపన్యాసం గురించి రాస్తాను. అక్కడికి పంపింది మాత్రం మన సైన్సు సారే. "పోయి వినండి. కేకలు వేయొద్దు, చప్పట్లూ కొట్టొద్దు" అన్నారు.

1980 ఫిబ్రవరి. ఆ నెల 16న, శనివారం, అమావాస్య నాడు సూర్యగ్రహణం. కార్వార్ నుంచి పూరీ దాకా సంపూర్ణ గ్రహణం, మన తిరుపతిలో పాక్షికం. ఊళ్లో శివరాత్రి కన్నా దీని హడావుడే ఎక్కువగా ఉండింది. మా అక్క పురిటికి వచ్చి ఉంది, ఏడో నెల. గ్రహణం మొర్రి వస్తుందని అమ్మకు వారం ముందు నుంచే టెన్షన్.

సభ గాంధీ రోడ్డు వెనక ఒక చిన్న హాల్లో జరిగింది. వక్త కృష్ణా జిల్లా నుంచి వచ్చిన హేతువాది. ఏడుకొండల కింద నిలబడి దేవుడు లేడంటే జనం తంతారేమో, చూద్దామని మా పిలకాయల ఆశ. ఎవరూ తన్నలేదు. రోజూ వేలమంది మొక్కులు చూసే ఊరికి ఒక్కడు వచ్చి లేడంటే పోయేదేముంది?

ఆయన నాస్తిక ఉద్యమ నాయకుడు గోరా గారితో మొదలుపెట్టారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టడం, అన్ని కులాలవాళ్లనూ ఒకే బంతిలో కూర్చోబెట్టి భోజనాలు చేయడం చెప్పారు. ఉప్పు సత్యాగ్రహం ఏడాది కొడుకు పుడితే లవణం అని పేరు పెట్టారనగానే మా వరస మొత్తం కిసుక్కుమంది. తర్వాత కోవూర్ గురించి. మేము నెల్లూరు దగ్గరి కోవూరు అనుకున్నాం. కాదు, కేరళలో పుట్టి సిలోన్‌లో స్థిరపడిన అబ్రహాం కోవూర్. మోసానికి తావులేని చోట మహిమ చూపిస్తే లక్ష రూపాయలు ఇస్తానని 1963లో పందెం కాశారు. 1978లో పోయేదాకా ఆ డబ్బు ఎవరూ గెలవలేదు.

అప్పుడు వక్త కర్పూరం కావాలన్నారు. మా నాయనకు గోవిందరాజస్వామి గుడి దగ్గర పూజ సామాన్ల అంగడి. నేను లేచి పరిగెత్తాను. "ఎవరికిరా?" అన్నాడు నాయన. "సభలో వెలిగిస్తారంట" అన్నాను. అబద్ధమేమీ కాదు. వక్త బిళ్ల వెలిగించి ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, ఉన్నట్టుండి నాలుక మీద పెట్టుకున్నారు. పసుప్పచ్చగా, అడుగున నీలంగా మంట. నోరు మూశారు. ఆరిపోయింది. "ఇందులో మహిమ లేదు, మీరూ చేయొచ్చు" అన్నారు. (సోమవారం మన సారు విడమరచి చెప్పారు: మండేది పైకి లేచే ఆవిరి, కింద నాలుక తడి, నోరు మూస్తే గాలి అందదు. "ఎవడైనా ఇంట్లో చేస్తే టీసీ చేతిలో పెడతా" అని కూడా చెప్పారు.)

ఆ సాయంత్రం నన్ను నిజంగా పట్టుకున్న మాట వేరే. "గ్రహణానికి కొండ మీద గుడి మూస్తారు. నలభై కిలోమీటర్లు కూడా లేని కాళహస్తిలో అదే గ్రహణానికి గుడి తెరిచి అభిషేకాలు చేస్తారు. సూర్యుడు ఒక్కడే కదా, ఏది నిజం?" కాళహస్తిలో మాకు చుట్టాలున్నారు, ఎన్నోసార్లు పోయినాం, ఈ ప్రశ్న మాకెవరికీ తట్టలేదు.

చివర్లో వెనక నుంచి ఒకామె లేచింది. గుండు, చంకలో గుండుతోనే బిడ్డ. "టైఫాయిడ్ వచ్చింది సామీ, మొక్కుకున్నాక తగ్గింది" అంది. "మందులు వాడారా?" "వాడినాం." "మరి ఆ డాక్టరుకు ఇచ్చారా తల వెంట్రుకలు?" హాలంతా గొల్లుమంది. మేమూ నవ్వాం, సారు వద్దన్నా చప్పట్లు కూడా కొట్టాం. ఆమె బిడ్డ తలమీద చెయ్యి పెట్టుకొని కూర్చుంది. ఆయన అడిగింది తప్పు కాదు. కానీ అంతమందిలో ఆమెను అడగాల్సిన ప్రశ్న కాదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ నవ్వులో నా గొంతు కూడా ఉంది మరి.

కర్పూరం సంగతి రాత్రికే నాయనకు తెలిసిపోయింది. బెల్టు తీస్తాడనుకున్నా. "నాలుక కాలిందా ఆయనకు?" అన్నాడు. లేదన్నాను. "సరుకు మంచిది. నాసిరకమైతే మసి కట్టేది" అని లెక్కల పుస్తకం తెరిచాడు.

గ్రహణం రోజు మధ్యాహ్నానికి వీధిలో కుక్క తప్ప ఎవరూ లేరు. అమ్మ ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, అక్కను పడమటి గదిలో పడుకోబెట్టి తలుపులు వేసింది. ఏదీ కోయకుండా, గీరుకోకుండా చూడమని నన్ను కాపలా పెట్టింది. ఉపన్యాసం మొత్తం నా నోటి చివర ఉంది. అక్క మొహం చూస్తే గుండు కొట్టించుకున్న ఆ తల్లి గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాను.

నాలుగు కావస్తుండగా అక్కే చూసింది. కిటికీ చెక్కకు చీమ పట్టేంత బొక్క. అందులో నుంచి వచ్చిన వెలుగు రోజూ గోడ మీద గుండ్రంగా పడేది. ఆరోజు కొడవలిలా ఉంది.

"ఏందిరా అది?"

"సూర్యుడక్కా. బయట ఉన్నట్టే."

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెయ్యి చాపింది. కొడవలి గోడ మీద నుంచి ఆమె అరచేతిలోకి వచ్చింది. రెండో చేత్తో కొంగు కడుపు మీదికి లాక్కుంది, ఆ చెయ్యి మాత్రం తియ్యలేదు.

"అమ్మకు చెప్పొద్దు" అంది.