బ్లెండర్‌కి సొంతంగా రెండర్ క్యూ రాసుకున్నాను: నా అనుభవం

బ్లెండర్ (3డీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్)లో చేసిన సీన్లను నిన్న రాత్రి రెండర్ క్యూలో, అంటే ఒకదాని తర్వాత ఒకటి ఫ్రేములుగా తయారయ్యే వరుసలో పెట్టాను. అన్నీ తెల్లారేసరికి పూర్తయ్యాయి. మధ్యలో కరెంటు పోయి వచ్చినా పని ఆగలేదు. ఇక్కడిదాకా రావడానికి ఎంత నలిగిపోయానో మరిచిపోకముందే రాసి పెడుతున్నాను. ఇంట్లో ఒకే మెషిన్‌తో నెట్టుకొచ్చేవాళ్లకు ఇది పనికొస్తుంది.

నేను హనుమకొండలో ఇంటి నుంచే పిల్లల పాటలకు యానిమేషన్ చేస్తాను. సెకనుకు 24 చొప్పున ఒక నిమిషానికి 1440 ఫ్రేములు. ఫ్రేముకు 40 సెకన్లు పట్టినా మొత్తం 16 గంటలు. ఒక సీన్ అయ్యాక ఇంకో ఫైల్ తెరిచి బటన్ నొక్కడానికి అర్ధరాత్రి ఎన్నాళ్లని లేస్తాం? అందుకే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక స్క్రిప్టు రాశాను. ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లను వరుసగా తీసుకుని, విండో తెరవకుండానే బ్లెండర్‌తో రెండర్ చేయిస్తుంది.

మొదటి భాగం తేలికే. కమాండ్‌లో మైనస్ బి (-b) అని ఇస్తే బ్లెండర్ విండో లేకుండా నడుస్తుంది. ఆప్షన్లను ఇచ్చిన వరుసలోనే అమలు చేస్తుంది కాబట్టి మొదటి ఫ్రేము, చివరి ఫ్రేము ముందు చెప్పి, రెండర్ మొదలుపెట్టే మైనస్ ఏ (-a) చివర పెట్టాలి. అవుట్‌పుట్ ఎప్పుడూ పీఎన్‌జీ ఫ్రేములుగానే (విడివిడి ఇమేజ్ ఫైళ్లుగా) తీయండి, నేరుగా వీడియోగా వద్దు. కరెంటు పోతే అప్పటిదాకా అయిన ఫ్రేములైనా మిగులుతాయి. తర్వాత ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ అనే ఉచిత టూల్‌తో వీడియోగా కలిపేసుకోవచ్చు. నా ఫోల్డర్ల పేర్లు తెలుగులో ఉంటాయి. మొదట విండోస్ కమాండ్లు రాసుకునే బ్యాచ్ ఫైల్‌తో ప్రయత్నిస్తే అవి ప్రశ్నార్థకాలుగా మారిపోయాయి, పైథాన్‌లో ఏ ఇబ్బందీ రాలేదు.

అసలు నరకం తర్వాత మొదలైంది.

కరెంటు పోయి వస్తే మెషిన్ దానంతట అదే ఆన్ అయ్యి పని అందుకోవాలి. ఆన్ అవ్వడానికి బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) సెట్టింగ్ ఉంది. కానీ విండోస్ లాగిన్ దగ్గర ఆగిపోతుంది. నా అకౌంటులో బ్యాంకు కాగితాలన్నీ ఉంటాయి, దానికి పాస్‌వర్డ్ తీసేయలేను. అందుకని రెండర్ కోసమే వేరే అకౌంటు తెరిచి, అది పాస్‌వర్డ్ అడక్కుండా లాగిన్ అయ్యేలా, లాగిన్ కాగానే స్క్రిప్టు నడిచేలా పెట్టాను.

పగలు నేను నా అకౌంటులో చేత్తో ఎఫ్12 (రెండర్ బటన్) నొక్కితే 40 సెకన్లు పట్టే ఫ్రేము, రాత్రి క్యూలో ఆరు నిమిషాలు తీసుకోవడం మొదలైంది. అదే ఫైలు, అదే మెషిన్. ఏం జరిగిందో నమోదయ్యే లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. ఆ లెక్కన నిమిషం వీడియోకి ఆరు రోజులు! ఇవ్వాల్సిన తేదీ దాటిపోయింది. పని ఇచ్చిన హైదరాబాద్ స్టూడియో వాళ్ల మేనేజర్ గ్రూప్ కాల్‌లో అందరి ముందూ, "మెషిన్ లేనప్పుడు పని ఎందుకు ఒప్పుకున్నారండీ?" అన్నాడు. ఎనిమిదేళ్లుగా ఈ పని మీదే బతుకుతున్నాను. ఆ మాటకు ఆ రోజు అన్నం సయించలేదు.

మెషిన్‌ని షాపుకి తీసుకెళ్లాను. అక్కడి రిపేరు చేసేవాడు స్క్రిప్టు చూడలేదు, బ్లెండర్ తెరవలేదు. "రాత్రంతా వేడెక్కి గ్రాఫిక్స్ కార్డు పోయింది సార్, పవర్ సప్లై కూడా మార్చాలి" అని తేల్చేశాడు. పగలు ఎండలో బాగా నడిచే కార్డు రాత్రి చల్లబడ్డాక ఎలా పోతుందని అడిగితే సమాధానం లేదు. థర్మల్ పేస్ట్ మార్చి డబ్బులు మాత్రం తీసుకున్నాడు. పరీక్షించకుండా పార్టు మార్చమనే షాపులకు దయచేసి వెళ్లకండి. మన కష్టం వాళ్లకు బిల్లులా కనిపిస్తుంది.

చివరికి దారి దొరికింది లాగ్‌లోనే, అదీ నేనే రాయించుకుంటే. రెండర్‌కి ముందు సైకిల్స్ (బ్లెండర్‌లో రెండర్ చేసే ఇంజిన్) ఏ డివైస్ వాడబోతోందో ప్రింట్ చేయించాను. నా అకౌంటులో నడిపితే 'ఆప్టిక్స్' అని వచ్చింది, అంటే ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుతో రెండర్ చేసే పద్ధతి. రెండర్ అకౌంటులో 'నన్' అని వచ్చింది. అంటే ఏ కార్డూ లేనట్టే!

విషయం ఏంటంటే, సీన్ జీపీయూతో (గ్రాఫిక్స్ కార్డుతో) రెండర్ కావాలన్న సంగతి బ్లెండ్ ఫైల్‌లో ఉంటుంది. కానీ ఏ కార్డు వాడాలన్నది బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో ఉంటుంది. ఆ ప్రిఫరెన్సెస్ విండోస్‌లో ఒక్కో యూజర్‌కి విడివిడిగా, వాళ్ల యాప్‌డేటా ఫోల్డర్‌లో ఉంటాయి. కొత్త అకౌంటులో బ్లెండర్ ఎప్పుడూ తెరవలేదు కాబట్టి అక్కడ కార్డు ఎంపికే లేదు. అలాంటప్పుడు సైకిల్స్ ఆగదు, చెప్పదు, చప్పుడు చేయకుండా ప్రాసెసర్ మీద రెండర్ చేసుకుంటూ పోతుంది. బ్లెండర్ అంటే నాకు ప్రాణం, కానీ ఈ మౌనం మాత్రం అన్యాయం. గంటల కొద్దీ కరెంటు కాలే పనిలో ఒక్క హెచ్చరిక లైనైనా ఉండాలి.

కమాండ్ చివర విడిగా రెండు అడ్డగీతలు పెట్టి, తర్వాత సైకిల్స్ డివైస్ ఆప్టిక్స్ అని (-- --cycles-device OPTIX) ఇచ్చినా సరిపోతుంది. నేను పైథాన్‌లోనే కార్డును వెతికించి ఆన్ చేయిస్తున్నాను. కార్డు దొరక్కపోతే రెండర్ మొదలవ్వకుండా ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాలని రాశాను. ఇక్కడ పైథాన్ ఎగ్జిట్ కోడ్ ఆప్షన్ (--python-exit-code) తప్పకుండా పెట్టండి, స్క్రిప్టు ఫెయిలైందని క్యూకి తెలిసేది దానితోనే. లేకపోతే స్క్రిప్టు ఫెయిలైనా బ్లెండర్ అంతా బాగానే జరిగినట్టు ముగుస్తుంది, క్యూ తర్వాతి ఫైలుకి వెళ్లిపోతుంది.

ఇంకొకటి. బ్లెండర్‌లో ఓవర్‌రైట్ ఆఫ్ చేస్తే అయిపోయిన ఫ్రేములను వదిలేసి మిగతావే చేస్తుంది. కానీ కరెంటు పోయిన క్షణంలో సగం రాసిన ఫ్రేమును కూడా అయిపోయిందనే అనుకుంటుంది. అందుకే నా స్క్రిప్టు మొదలవగానే చివరగా రాసిన ఫ్రేమును చెరిపేసి మళ్లీ చేయిస్తుంది. డబ్బులు పెట్టి కొనే రెండర్ క్యూ సాఫ్ట్‌వేర్లు కొన్ని చూశాను, ఈ జాగ్రత్త నాకు వాటిలో కనిపించలేదు.

నిన్నటి సీన్లు ఇందాకే స్టూడియోకి పంపాను. ఆ మేనేజర్ నుంచి "రిసీవ్డ్" అని ఒక్క మాట వచ్చింది. వచ్చే ప్రాజెక్టుకి మాత్రం అడ్వాన్స్ తీసుకున్నాకే ఫైల్ తెరుస్తానని చెప్పేశాను.