పొగగొట్టంలో పోయే డబ్బు

గల్ఫ్‌లో మిథనాల్ (ఒక రకం ఆల్కహాల్) ప్లాంట్‌లో చేరిన కొత్తలో నా ధ్యాసంతా కెటలిస్ట్ మీదే, అంటే రసాయన చర్యను వేగంగా నడిపే పదార్థం మీదే. అది మారిస్తే తప్ప లాభం పెరగదని గట్టి నమ్మకం. పుస్తకాల చదువు మరి!

ఓ నైట్ షిఫ్ట్‌లో రిఫార్మర్ (గ్యాస్‌ని ఆవిరితో విడగొట్టే పెద్ద కొలిమి) పొగలో ఆక్సిజన్ 5 శాతం దాటింది. 2, 3 ఉంటే చాలు. మిగతా గాలినంతా ఊరికే వేడి చేసి ఆకాశంలోకి వదిలేస్తున్నట్టే. మాకు సహజవాయువే (ఎక్కువగా మీథేన్) ముడిసరుకు, పొయ్యిలో కట్టె కూడా అదే. బర్నర్లకు గాలి తగ్గిద్దామన్నాను. మా సీనియర్ ఆపరేటర్, శ్రీకాకుళం ఆయన, "ఆగు బాబూ, ముందు కొలిమి చుట్టూ ఓసారి తిరిగొద్దాం" అన్నాడు. చూస్తే రెండు పీప్ డోర్లు (లోపలి మంటను చూసే చిన్న తలుపులు) సరిగా మూసుకోలేదు. లోపల ఒత్తిడి బయటికంటే కాస్త తక్కువ కదా, చల్లగాలి అక్కణ్ణుంచి దూరుతోంది. పొగలో కనబడిన అదనపు ఆక్సిజన్ దానిదే, బర్నర్లది కాదు. నా మాటే నెగ్గి ఉంటే బర్నర్లకు గాలి చాలకపోయేది. తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఇంకో సంగతి. మీథేన్‌ని ఆవిరితో విడగొడితే ఒక కార్బన్ మోనాక్సైడ్‌కు మూడు హైడ్రోజన్లు వస్తాయి, మిథనాల్‌కు రెండు చాలు. మిగిలింది పొయ్యిపాలు. బయటినుంచి కార్బన్ డయాక్సైడ్ తెచ్చి కలిపితే ఆ మిగిలిన హైడ్రోజనూ మిథనాల్‌కే పనికొస్తుంది. మా దగ్గర ఆ పైపు పడటానికి మూడేళ్లు పట్టింది. డోర్లకు గాస్కెట్లు (సందులు మూసే పట్టీలు) మాత్రం వారంలో వచ్చాయి.