పళ్ల సెట్టు కింద ఎర్రమచ్చ

మా గుంటూరులో నోరు మండితే ముందు మిరపకాయనే అనుమానిస్తారు. నేనూ అంతే. పై సెట్టు కింద అంగిలి చురచురమంటుంటే రెండు నెలలు గోంగూర, ఆవకాయ మానేసి పెరుగన్నంతో లాక్కొచ్చాను. మంట తగ్గలేదు సరికదా, ఆ చప్పిడి తిండి కోపమంతా మా ఆవిడ మీద పడింది.

చివరికి బ్రాడీపేటలో చూపించుకున్నాను. డాక్టరమ్మ సెట్టు తీయించి అద్దం చేతికిచ్చారు. సెట్టు అంచు ఎంతవరకుందో సరిగ్గా అంతవరకే అంగిలంతా ఎరుపు, ముద్ర కొట్టినట్టు.

"రాత్రిళ్లు తీస్తున్నారా మాస్టారూ?"

తీయట్లేదు. షుగరుందా? ఉంది. దేంతో తోముతున్నారు? పళ్లపొడితో, గట్టిగా, అన్నాను కాస్త గర్వంగానే. ఆవిడ నవ్వేశారు.

క్యాండిడా అనే ఫంగస్ చాలామంది నోళ్లలో ఊరికే పడి ఉంటుందట. దానికి పట్టు దొరకడమే తరువాయి. సెట్టు ఆక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. గరుకుదనం 0.2 మైక్రాన్లు దాటితే చాలు, సూక్ష్మజీవులు తేలిగ్గా అతుక్కుంటాయి. వెంట్రుక మందంలో వందో వంతు కూడా లేదది! నా పళ్లపొడి గీతలు పెట్టింది. పైగా ఒకసారి చేయిజారి విరిగితే అతికించిన చోటొకటి. అసలు ప్లేటు వేడిమీద గట్టిపడిన ఆక్రిలిక్, అతుకేమో మామూలు గదిలోనే గట్టిపడే రకం. అందులో సన్న రంధ్రాలు ఎక్కువ. ప్లేటు కింద లాలాజలం ఆడదు కాబట్టి కడిగేవాడూ లేడు.

కింద ఊడిన నాలుగు పళ్ల బదులు పెట్టించుకున్న కోబాల్ట్ క్రోమియం లోహపు ప్లేటు దగ్గర చిగురు బాగానే ఉంది. లోహం నున్నగా ఉండటం ఒక కారణం. అది అంగిలిలా అంతా కప్పేయకపోవడం ఇంకోటి.

మా స్నేహితుడికి వేసినట్టు లోపల మెత్తటి పొర వేయమన్నాను. నాకు వద్దన్నారు. దాన్ని ఫంగస్ ఇంకా త్వరగా పడుతుందట.

రెండు వారాలు ఫంగస్ మందు క్లోట్రిమజోల్ చుక్కలు, వీలైనంతసేపు సెట్టు లేకుండా బోసినోరు. వాచిన అంగిలికి కొలతలు తీస్తే కొత్త సెట్టు సరిగా కూర్చోదని ఆగమన్నారు. తర్వాత ఐదుసార్లు తిరిగాను. మైనం మీద పళ్లు పెట్టి చూపించిన రోజు ఇంకొంచెం తెల్లవి కావాలన్నాను, మా ఆవిడ ఒప్పుకోలేదు.

ఇప్పుడు మెత్తటి బ్రష్షు, సబ్బు నీళ్లు. రాత్రి గిన్నెలో చన్నీళ్లలోనే, వేడినీళ్లకు వంకర పోతుందట. పాత సెట్టు ఇంకా పారేయలేదు. అతుకు మీద గోరు పెట్టి గీస్తే గరగరమంటోంది. ఇన్నాళ్లూ ఒక్కసారీ తడిమి చూడలేదు.