హాస్కెల్‌లో మెషీన్ లెర్నింగ్: తొమ్మిదో వారం

మారతహళ్లి పీజీ గదిలో రాత్రి పదిన్నర దాటాక ఓ గంట, ఆదివారం పొద్దున మూడు గంటలు. తొమ్మిది వారాలుగా ఇదే నా టైమ్‌టేబుల్. ఆఫీసులో రోజంతా పైథాన్ రాస్తాను. మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) లోపల జరిగే లెక్కను నా చేత్తో రాసి చూడాలని హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష పట్టుకున్నాను.

మొదటి మూడు వారాలు జీహెచ్‌సీఅప్ అనే ఇన్‌స్టాలర్‌తో హాస్కెల్ వేసుకోవడం, మ్యాప్ (లిస్టులో ప్రతిదానికీ ఒకే పని చేయడం), ఫోల్డ్ (లిస్టును ఒక్కొక్కటిగా కలుపుతూ ఒకే ఫలితం తేవడం), టైప్‌లతోనే గడిచాయి. అయితే అప్పుడే ఒకటి తట్టింది. ఇక్కడ ఒకసారి పెట్టిన విలువను మార్చలేం. పాత వెయిట్ (మోడల్ నేర్చుకునే అంకె) ఇస్తే కొత్త వెయిట్ చేతికిచ్చే ఫంక్షన్ రాయాలి. గ్రేడియంట్ డిసెంట్, అంటే తప్పు ఎటు పెరుగుతోందో చెప్పే గ్రేడియంట్ చూసి దానికి ఎదురుగా కొద్దికొద్దిగా జరగడం, ఆ ఫంక్షన్‌ను మళ్లీ మళ్లీ వేయడమే.

నాలుగో వారం దాన్ని నిజం డేటా మీద వేశాను, చదరపు అడుగులను బట్టి అద్దె చెప్పించడానికి. ఇల్లు వెతికేటప్పుడు నోట్‌బుక్‌లో రాసుకున్న 40 అద్దెలు ఉన్నాయి, చదరపు అడుగులతో సహా. లెర్నింగ్ రేట్ (ఒక్కో స్టెప్పులో ఎంత జరగాలో చెప్పే అంకె) 0.01 పెట్టి నడిపితే కాసేపటికే నాన్ (NaN, అంటే ‘అంకె కాదు’) వచ్చింది. 1,000 చదరపు అడుగులకు గ్రేడియంట్‌లో దాని వర్గం, అంటే 10 లక్షలు, వచ్చి కూర్చుంటుంది. అడుగులను 1,000తో భాగించాక దారికొచ్చింది.

అసలు టెన్షన్ అయిదో వారం. జీహెచ్‌సీఐలో (హాస్కెల్ కోడ్‌ను టైప్ చేసిన వెంటనే నడిపి చూపే చోటు) 10 లక్షల స్టెప్పులు వేయమంటే మెమరీ 2 జీబీ దాటింది. ల్యాప్‌టాప్‌లో ఉన్నదే 8. మామూలు ఫోల్డ్ తీసేసి, ప్రతి స్టెప్పులో అప్పటికప్పుడే లెక్క చేసే ఫోల్డ్‌ఎల్ ప్రైమ్ (foldl') పెట్టాను, ఏం మారలేదు. రెండు రాత్రులు దాంతోనే కూర్చున్నాను. కారణం ఇదీ: హాస్కెల్ అడిగేదాకా లెక్క చేయదు, తర్వాత చేస్తానని థంక్‌గా (చేయాల్సిన లెక్క పొట్లంగా) దాచుకుంటుంది. ఫోల్డ్‌ఎల్ ప్రైమ్ ప్రతి స్టెప్పులోనూ వెయిట్, బయాస్ (చివర్లో కలిపే అంకె) ఉన్న జంటను పైపొర దాకానే తెరుస్తుంది. లోపలి రెండు అంకెలు తెరవని పొట్లాల్లా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. జంటను వదిలేసి, రెండు డబుల్ (దశాంశ అంకె) ఫీల్డ్‌ల ముందూ ‘దీన్ని వెంటనే లెక్క చేయి’ అని చెప్పే ఆశ్చర్యార్థకం (!) పెట్టి సొంత టైప్ రాశాను. మెమరీ గీత గీసినట్టు నిలబడింది. ఆ రాత్రి ఆనందంతో నిద్ర పట్టలేదు.

గదిలో ఉండే తిరుపతి తమ్ముడు, "అన్నా, పైథాన్‌లో పది లైన్ల పని కదా, ఇంత కష్టం ఎందుకు?" అన్నాడు. ఆ పది లైన్ల కింద ఏముందో చూడాలి తమ్ముడూ అన్నాను.

ఆరో వారం నుంచి ఎమ్‌నిస్ట్ (MNIST) అనే డేటా. 60,000 చేతిరాత అంకెలు, ఒక్కోటి 28 బై 28, అంటే 784 పిక్సెళ్లు. బొమ్మను టెర్మినల్‌లో చుక్కలు, హ్యాష్‌లతో గీయించాను. మొదటి బొమ్మ 5. అది నిలువునా తెగి, కుడి భాగం ఎడమ అంచుకు వచ్చింది. ఫైల్ మొదట్లో ఉండే 16 బైట్ల హెడర్ (ఫైల్ వివరాలు చెప్పే భాగం) వదలడం మర్చిపోయాను, అందుకే అన్నీ 16 పిక్సెళ్లు జరిగాయి. లేబుళ్ల (ఏ బొమ్మ ఏ అంకో చెప్పే) ఫైల్‌కు హెడర్ 8 బైట్లే, ఎవరైనా మొదలుపెడితే ఇది గుర్తుంచుకోండి. లిస్టులతో నత్తనడక, హెచ్‌మ్యాట్రిక్స్ అనే మ్యాట్రిక్స్ లెక్కల లైబ్రరీకి మారాక ప్రాణం లేచొచ్చింది. దానికి ముందు ఉబుంటులో మ్యాట్రిక్స్ లెక్కలు వేగంగా చేసే ఓపెన్‌బ్లాస్ డెవ్ ప్యాకేజీ వేసుకోవాలి.

నాకు బాగా నచ్చింది బ్యాక్‌ప్రాపగేషన్, అంటే చివర వచ్చిన తప్పును వెనక్కి పంచి ప్రతి వెయిట్‌నూ సరిచేసే పద్ధతి. నెట్‌వర్క్‌లో పొర తర్వాత పొరగా ముందుకు వెళ్లేటప్పుడు స్కాన్‌ఎల్ (మధ్య ఫలితాలనూ దాచే ఫోల్డ్): ప్రతి పొర ఫలితం వరుసగా మిగిలిపోతుంది. వెనక్కి ఫోల్డ్‌ఆర్ (కుడి చివర నుంచి కలిపే ఫోల్డ్): చివరి పొర నుంచి తప్పును మోసుకుంటూ వస్తుంది. పుస్తకంలో అర పేజీ పట్టే సూత్రాలు రెండు మాటల్లో ఇమిడాయి. మధ్య పొరలో 30 న్యూరాన్లతో (లెక్క చేసే చిన్న యూనిట్లతో), 10,000 పరీక్ష బొమ్మల్లో 9,412 సరిగ్గా చెప్పింది.

ఇప్పుడు తెలుగు అంకెలు మొదలుపెట్టాను. పీజీలో అయిదుగురం, ౦ నుంచి ౯ దాకా ఒక్కొక్కరం 20 సార్లు రాస్తే 1,000 బొమ్మలు. ముగ్గురికి ఈ అంకెలు రాయడం రాదు, క్యాలెండర్ చూపించి నేర్పుతున్నాను. ౨, ౩ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ ఎక్కువ తప్పులొస్తాయని నా అంచనా. ఇప్పటికి 340 కాగితం మీదికి వచ్చాయి. స్కాన్ చేయడం ఆదివారం.