ఓటమి ఖాయమని తెలిశాక, కౌంటింగ్ హాల్లో చివరి రౌండు దాకా: నా అనుభవం

పోలింగ్ ముగిసిన రాత్రి బూత్ ఏజెంట్లు తెచ్చిన కాగితాలన్నీ ముందేసుకుని కూడితే, గెలుపో ఓటమో చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలినా తెలియనట్టు ఉండిపోవడమే మన వైపు జరిగే మొదటి తప్పు. అసెంబ్లీ ఎన్నికల్లో అభ్యర్థికి చీఫ్ ఏజెంటుగా, కౌంటింగ్ ఏజెంటుగా పనిచేసినవాణ్ణి. ఓటమి కనబడుతున్న రోజుల్ని నేను ఎలా దాటిస్తానో, ఏ కాగితం ఎప్పుడు చేతిలో ఉండాలంటానో ఇక్కడ రాస్తున్నాను.

ఆ రాత్రి మొదట అడిగేది ఫారం 17సి. పోలింగ్ ముగియగానే ప్రిసైడింగ్ అధికారి ఆ బూత్‌లో పోలైన ఓట్ల లెక్కను ఇందులో రాసి, సంతకం చేసిన నకలును ప్రతి పోలింగ్ ఏజెంటుకూ ఇవ్వాలి. ఈవీఎంలో ఓట్లు నమోదయ్యే పెట్టె, అంటే కంట్రోల్ యూనిట్ నంబరు, దానికి వేసిన పేపర్ సీల్ నంబర్లు కూడా అందులోనే ఉంటాయి. ఇంటికెళ్లే తొందరలో కొందరు ఏజెంట్లు ఇది తీసుకోకుండానే వచ్చేస్తారు. కౌంటింగ్ రోజు ఆ బూత్ మీద అనుమానం వస్తే సరిచూసుకోవడానికి మన దగ్గర ఏమీ ఉండదు. అనుమానం తీరని బూత్ ఒక్కటున్నా చాలు, ఓటమి ఏళ్ల తరబడి జీర్ణం కాదు.

తర్వాత అంచనా. మనకెన్ని పడ్డాయని అడిగితే బూత్ ఏజెంటు పెంచి చెబుతాడు. అది అబద్ధం కాదు, ఆశ. అందుకే నేను ప్రత్యర్థికి ఎన్ని పడి ఉంటాయో అడుగుతాను. ఆ అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది. పోలైన ఓట్లలోంచి దాన్నీ, మిగతా అభ్యర్థులకూ నోటాకూ పోయేవాటినీ తీసేస్తే మన లెక్క మిగులుతుంది. దాన్ని గత ఎన్నికల ఫారం 20తో, అంటే బూత్‌లవారీ తుది ఫలితాల పట్టికతో, పక్కపక్కన పెట్టి చూస్తాను. ఇక్కడ చాలామంది పొరబడేది బూత్ నంబర్ల దగ్గర. ఓటర్లు పెరిగిన బూత్‌ను రెండు చేస్తే ఆ తర్వాతి నంబర్లన్నీ జరిగిపోతాయి. నంబరుతో నంబరు పోల్చితే ఒక ఊరి ఓట్లు ఇంకో ఊరి ఖాతాలో పడతాయి. ఊరి పేరుతో, బడి పేరుతోనే సరిచూడాలి.

లెక్క తేలాక అభ్యర్థికి చెప్పాలి. మెత్తగా చెప్పబోయి అంకె దాచేవాళ్లు ఆయనకు మేలు చేసినట్టు కాదు. "అన్నా, ఆరు నుంచి తొమ్మిది వేలు తక్కువ పడేలా ఉంది. రెండు మండలాల్లో తిరగబడింది. మూడోది నిలబడితేనే దగ్గరికి వస్తాం." ఇలా అంకెతో, కారణంతో, మిగిలిన ఆశతో కలిపి చెబుతాను. గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాలి, నలుగురిలో కాదు. నలుగురిలో చెబితే ఆయన ధైర్యం నటించాల్సి వస్తుంది. ఆ నటన నిజమని నమ్మి కార్యకర్తలు పందేలు కాస్తారు.

పందేల సంగతి గట్టిగానే చెప్పాలి. మన దగ్గర పోలింగ్‌కూ కౌంటింగ్‌కూ మధ్య రోజులు ఎక్కువైన కొద్దీ పందేలు పెరుగుతాయి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగ్ జరిగితే లెక్కింపు జూన్ 4న. డబ్బు, బండి, పొలం పందెం కాసినవాడికి ఫలితం ప్రజల తీర్పుగా కనిపించదు, తన ఇల్లు కూలినట్టు కనిపిస్తుంది. ఎదుటి పార్టీ వాణ్ణి అప్పులవాడిలా, దొంగలా చూడటం అక్కడ మొదలవుతుంది. ఓడిపోతామని తెలిసిన మరునాడే మండల నాయకుల్ని పిలిచి, పందెం కాసినవాళ్లు మన కౌంటింగ్ ఏజెంట్లుగా ఉండరని చెప్పేస్తాను. అదే 2024లో పోలింగ్ తర్వాత పల్నాడు, తాడిపత్రి, చంద్రగిరిలో చెలరేగిన గొడవలపై విచారణకు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని (సిట్) వేయాల్సి వచ్చింది. అప్పటికి లెక్కింపు మొదలే కాలేదు.

కౌంటింగ్ ఏజెంట్ల నియామకానికి ఫారం 18 ఉంది. ఫొటోలతో సహా, లెక్కింపుకు మూడు రోజుల ముందు సాయంత్రం 5 గంటల్లోపు రిటర్నింగ్ అధికారికి (ఆర్వో) అందాలి. సాధారణంగా 14 టేబుళ్లు, వాటికి తోడు ఆర్వో టేబుల్. ఓడే ఎన్నికలో ఏజెంట్ల ఎంపిక గెలిచే ఎన్నికలో కంటే కష్టం. గట్టిగా అరిచేవాడు అక్కర్లేదు. అంకెలు తప్పు లేకుండా రాసేవాడు, పక్కనున్న ప్రత్యర్థి ఏజెంటుతో మాట కలిపేవాడు, మధ్యాహ్నానికి ముఖం వేలాడేసి లేచిపోనివాడు కావాలి. లోపలికి ఫోన్ ఉండదు. పెన్ను, తెల్లకాగితాలు, తన టేబుల్‌కు వచ్చే బూత్‌ల 17సి నకళ్లు రౌండ్ల వరసలో పెట్టి ఇస్తాను. 266 బూత్‌లు, 14 టేబుళ్లయితే 19 రౌండ్లు. మూడో టేబుల్‌కు మొదటి రౌండులో 3, రెండో రౌండులో 17, ఆపైన 31, ఇలా 14 చొప్పున పెరుగుతూ వస్తాయి.

ఉదయం 8 గంటలకు పోస్టల్ బ్యాలెట్లతో మొదలవుతుంది. ఇక్కడ గొడవంతా ఓటరు తన ఓటుతో పాటు పంపే ఫారం 13ఎ డిక్లరేషన్ మీదే. సంతకం లేకపోయినా, ధ్రువీకరణ లేకపోయినా ఆ ఓటు పక్కకు పోతుంది. తిరస్కరించినవి ఎన్నో, ఏ కారణంతోనో విడివిడిగా రాసుకోవాలి. చివరికి గెలుపు తేడా తిరస్కరించిన పోస్టల్ ఓట్ల కంటే తక్కువైతే వాటినన్నిటినీ మళ్లీ పరిశీలించి తీరాలని ఎన్నికల సంఘం ఆదేశం ఉంది.

ఈవీఎంల దగ్గర ఏజెంటు చేయాల్సింది కొంచెమే. కానీ ఆ కొంచెం ప్రతి బూత్‌కూ చేయాలి. కంట్రోల్ యూనిట్ నంబరు 17సితో కలిసిందా, సీళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయా, మొత్తం ఓట్లు సరిపోయాయా, రిజల్ట్ బటన్ నొక్కాక వచ్చిన అంకెలు సూపర్‌వైజర్ రాసినవీ మనం రాసినవీ ఒకటేనా. మొత్తంలో తేడా వచ్చినా, పోలింగ్‌కు ముందు యంత్రాన్ని పరీక్షించడానికి వేసే మాక్ పోల్ ఓట్లు చెరపకుండా పోలింగ్ నడిపారని తేలినా ఆ యూనిట్‌ను పక్కన పెడతారు. ఆఖర్న గెలుపు తేడా అలా పక్కనపెట్టిన బూత్‌ల ఓట్లకు సమానంగానో తక్కువగానో ఉంటే వాటి వీవీప్యాట్ చీటీలు, అంటే ఓటు ఎవరికి పడిందో చూపిస్తూ యంత్రం ముద్రించే కాగితాలు, లెక్కిస్తారు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచకపోతే, యూనిట్ పక్కకు పోవడం చూసిన ఏజెంటు "మోసం" అని కేకేస్తాడు. బయట గేటు దగ్గరికి చేరేసరికి ఆ ఒక్క మాట పది మాటలవుతుంది.

నాలుగైదు రౌండ్లు గడిచేసరికి మనవాళ్ల నోట వినిపించే మాట ఒకటుంది: "మన మండలం ఇంకా రాలేదు." ఒక్కోసారి అది నిజమే. బూత్‌లు వరస నంబర్లలో వస్తాయి కాబట్టి మొదటి రౌండ్లన్నీ ఒకే మండలానివి కావచ్చు. అందుకే ఆధిక్యం ఒక్కదాన్నే చూడను. లెక్కించిన బూత్‌లలో గతంతో పోలిస్తే నూటికి ఎన్ని ఓట్లు జారాయో చూస్తాను. మనకు బలమున్న ఊళ్లోనూ బలం లేని ఊళ్లోనూ ఒకేలా జారుతుంటే రాబోయే మండలమూ అంతే. 12 రౌండ్లయ్యాక 11,000 వెనకబడ్డామనుకుందాం. మిగిలినవి 98 బూత్‌లు, బూత్‌కు 750 చొప్పున 73,500 ఓట్లు. మిగతా అభ్యర్థుల్ని పక్కనపెట్టినా సమం కావడానికే మనకు 42,250 రావాలి, అంటే నూటికి 57కు పైగా. ఆ బూత్‌లలో గతంలో 52 వచ్చి, ఇప్పుడు అన్నిచోట్లా 5 జారుతుంటే ఇక అయిపోయినట్టే. ఆధిక్యం మిగిలిన మొత్తం ఓట్లను దాటినప్పుడు లెక్క ప్రకారం కూడా అయిపోతుంది. దానికోసం 17సిల మొత్తాలు ముందే కూడి ఉంచుకోవాలి.

అయినా తేడా సన్నగా ఉన్నచోట తొందరపడి ఓటమి ఒప్పేసుకోవడం కూడా తప్పే. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానం 9 ఓట్లతో తేలింది. 2019లో విజయవాడ సెంట్రల్ 25 ఓట్లతో.

అయిపోయిందని తెలిశాక హాల్లో ఎక్కువగా జరిగేది, ఓడుతున్నవైపు ఏజెంట్లు ఒక్కొక్కరే లేచిపోవడం. నేను ఎవరినీ లేవనివ్వను. చివరి ఆరు రౌండ్లు చూడనివాడు ఆ ఆరు రౌండ్లలోనే ఏదో జరిగిందని జీవితాంతం చెబుతాడు. కూర్చుని 19 బూత్‌లూ తన చేత్తో రాసినవాడు అలా అనడు. చివరి రౌండు తర్వాత ఐదు బూత్‌ల వీవీప్యాట్ చీటీల లెక్క ఉంటుంది. నియోజకవర్గానికి ఐదు అన్నది 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం. బూత్ నంబర్లు రాసిన కాగితాలు మడిచి మన ముందే డ్రా తీస్తారు. ఒక్కో బూత్‌కూ చాలా సమయం పడుతుంది, అందరూ అలసిపోయి ఉంటారు. అయినా మన మనిషి అక్కడ ఉండాలి.

అభ్యంతరాలకు ఒక హద్దుంది. మొత్తం ఓట్లు ప్రకటించాక రీకౌంటింగ్ కోరవచ్చు, కానీ కారణాలతో రాతపూర్వకంగా, ఆర్వో ఫారం 20 మీద సంతకం పెట్టకముందే కోరాలి. సంతకం పడ్డాక ఆ దారి మూసుకుపోతుంది. "అనుమానంగా ఉంది" అని రాస్తే తిరస్కరిస్తారు. బూత్ నంబరు, 17సిలో ఉన్న అంకె, యూనిట్‌లో కనిపించిన అంకె రాస్తే చూస్తారు. అలా రాయడానికి ఏమీ లేకపోతే అడగవద్దని అభ్యర్థికి చెబుతాను. 2024 ఏప్రిల్ 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం రెండు, మూడు స్థానాల్లో నిలిచినవాళ్లు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో రాతపూర్వకంగా కోరితే, నియోజకవర్గంలోని 5 శాతం ఈవీఎంల మెమరీని ఇంజనీర్లు పరిశీలిస్తారు. ఖర్చు కోరినవాళ్లదే, ట్యాంపరింగ్ తేలితే తిరిగి ఇస్తారు. ఎన్నికల పిటిషన్‌కు 45 రోజులు, హైకోర్టులో, 2,000 రూపాయల డిపాజిట్‌తో.

కోర్టుకు వెళ్లడం ఓటమిని ఒప్పుకోకపోవడం కాదు. రాయ్‌బరేలీలో 1971లో లక్షకు పైగా ఓట్లతో ఓడిన రాజ్‌నారాయణ్ పిటిషన్ వేశారు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఆయన వైపు తీర్పిచ్చింది. 1977లో అదే ఓటర్ల ముందుకు మళ్లీ వెళ్లి గెలిచారు. పిటిషన్ కాగితం మీద ఉండాలి. వీధిలో, టీవీ మైకుల ముందు కాదు.

ఫలితం ప్రకటించగానే, గెలిచిన అభ్యర్థి చేతికి ధ్రువపత్రం వచ్చే లోపే మన అభ్యర్థి వెళ్లి చేయి కలపాలి. ఆయన హాల్లో లేకపోతే నేను వెళతాను, ఆయన ఫోన్ చేస్తారు. పత్రికలకు ఇచ్చే నాలుగు వాక్యాలు ముందురోజే రాసి ఉంచుతాను, ఎందుకంటే ఆ సాయంత్రం రాస్తే కోపం రాస్తుంది. గెలిచినవారి పేరు "గారు" తో, ఎన్ని ఓట్ల తేడానో అంకెతో, మనకు వేసినవాళ్లకూ వేయనివాళ్లకూ కృతజ్ఞత, కార్యకర్తలు ఇళ్లకు వెళ్లాలన్న మాట. అంతే. "కానీ" అన్న మాట ఎక్కడా రాకూడదు. "జనం డబ్బుకు అమ్ముడుపోయారు" అన్న మాటను నేను పూర్తిగా కొట్టేస్తాను. అది ఎదుటి అభ్యర్థిని అన్నట్టుంటుంది గానీ తగిలేది ఓటరుకే, మళ్లీ మనం వెళ్లాల్సింది ఆ గడపకే.

ఊరేగింపు సంగతి ఎదుటి చీఫ్ ఏజెంటుతో హాల్లోనే మాట్లాడుకుంటాను. మా అభ్యర్థి ఇంటి వీధిలోంచి, మా కార్యాలయం ముందు నుంచి రావద్దని అడుగుతాను, అదే మాట పోలీసు అధికారికీ చెబుతాను. రోజంతా పక్కపక్కన కూర్చుని అంకెలు సరిచూసుకున్నవాళ్లం కాబట్టి చాలాసార్లు వింటారు. మేం గెలిచిన రోజున వాళ్లడిగితే మేమూ వినాలి.

తర్వాతి ప్రమాదం ఫారం 20తోనే వస్తుంది. బూత్‌లవారీ ఓట్లు బయటపడతాయి కాబట్టి ఏ ఊరు ఎవరికి వేసిందో అందరికీ తెలుస్తుంది. బూత్‌లన్నీ కలిపి లెక్కించే టోటలైజర్ యంత్రాన్ని లా కమిషన్ 2015లోనే సిఫారసు చేసింది. అది వచ్చేదాకా ఈ జాగ్రత్త మనదే. ఆ పట్టిక పట్టుకుని మన ఏజెంటునే "వెన్నుపోటు పొడిచావు" అని నిలదీసే సమావేశం నెల రోజుల దాకా పెట్టను.

ఈలోగా తప్పని పని ఒకటుంది. ఖర్చుల లెక్క 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి అందాలి. ఇవ్వకపోతే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 10ఎ కింద మూడేళ్లు అనర్హత పడుతుంది. ఓడాక ఎవరికీ బిల్లుల మీద మనసుండదు, అందుకే కౌంటింగ్‌కు ముందే వాటిని ఒక ఫైల్లో పెట్టేస్తాను. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే 10,000 డిపాజిట్, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులైతే 5,000, తిరిగి వస్తుంది. ఈ లెక్కలోకి నోటా రాదు.

ప్రమాణ స్వీకారం అయిన వారంలో కొత్త ఎమ్మెల్యే గారికి మా అభ్యర్థి సంతకంతో ఒక ఉత్తరం ఇస్తాము. ప్రచారంలో జనం మాకు చెప్పిన పనులన్నీ అందులో ఊళ్లవారీగా ఉంటాయి: ఎక్కడ మంచినీళ్లు రావట్లేదు, ఏ వంతెన సగంలో ఆగింది, ఏ బడికి గోడ లేదు. ఏ ఊరు ఎవరికి వేసిందో అందులో ఉండదు. స్వయంగా వెళ్లి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని, మూడు నెలల తర్వాత అదే జాబితాతో మళ్లీ వెళ్తాము.