హార్డ్ డిస్కు ముందు ఎస్‌ఎస్‌డీ: ఎల్‌వీఎం క్యాష్ లెక్కలు

విశాఖ ద్వారకానగర్‌లో ఒక వీడియో ఎడిటింగ్ స్టూడియో సిస్టం తీసుకుందాం. లినక్స్, 4 టీబీ హార్డ్ డిస్కు, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. రెండూ కలిసి ఒకే డ్రైవ్‌లా కనబడాలి, పని ఎస్‌ఎస్‌డీలా చురుగ్గా సాగాలి.

లినక్స్‌లో డిస్కులను కలిపి కావాల్సినట్టు పంచే ఏర్పాటు ఎల్‌వీఎం. అందులో రెండింటినీ ఒక వాల్యూమ్ గ్రూప్ (డిస్కుల ఉమ్మడి నిల్వ)లో వేసి ఒకటే పొడవాటి లాజికల్ వాల్యూమ్ (అందులోంచి కోసిన డ్రైవ్) చేస్తే మాత్రం ఆ చురుకు రాదు. ఏ ఫైల్ ఎక్కడ పడుతుందో మన చేతిలో ఉండదు, ఏ ఒక్క డిస్కు పోయినా ఫైల్‌సిస్టం పోయినట్టే. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టంకు రెండు డిస్కులూ ఇచ్చినా అంతే. సింగిల్ ప్రొఫైల్‌లో, అంటే డేటాకు ఒకే కాపీ ఉంచే పద్ధతిలో, అది ఖాళీ ఎక్కువున్న డిస్కును చూస్తుంది గానీ వేగాన్ని చూడదు. ఈ జంటలో డేటా దాదాపంతా హార్డ్ డిస్కుకే పోతుంది.

పనికొచ్చేది ఎల్‌వీఎం క్యాష్: ఎక్కువగా వాడే డేటాను ఎస్‌ఎస్‌డీలో ఉంచే పద్ధతి. దీని కింద నడిచే డీఎం-క్యాష్ 2013లో 3.9 కెర్నల్‌తో వచ్చింది, ఇప్పటికి బాగా నలిగిన సరుకు. హార్డ్ డిస్కు ముందే ఎల్‌వీఎంలో ఉండాలి. మామూలు ఈఎక్స్‌టీ4 పార్టిషన్ అయితే బ్యాకప్ తీసి మళ్లీ కట్టుకోవాల్సిందే.

ముందు వీజీఎక్స్‌టెండ్ కమాండ్‌తో ఎస్‌ఎస్‌డీ పార్టిషన్‌ను అదే గ్రూప్‌లో చేర్చండి. తర్వాత ఎల్‌వీక్రియేట్‌తో 200 జీబీ వాల్యూమ్ చేయండి. ఈ కమాండ్ చివర ఎస్‌ఎస్‌డీ డివైస్ పేరు తప్పకుండా రాయాలి. మరిచిపోతే ఎల్‌వీఎం ఆ 200 జీబీని హార్డ్ డిస్కు ఖాళీలోంచే కేటాయించవచ్చు. అప్పుడు హార్డ్ డిస్కుకు హార్డ్ డిస్కే క్యాష్! ఆఖరున ఎల్‌వీకన్వర్ట్: టైప్ క్యాష్, క్యాష్‌వోల్‌గా ఈ కొత్త వాల్యూమ్, క్యాష్‌మోడ్ రైట్‌త్రూ (ప్రతి రాతా హార్డ్ డిస్కుకు కూడా చేరే పద్ధతి), ఆపైన పెద్ద వాల్యూమ్ పేరు. ఫైల్‌సిస్టం మౌంట్‌లో ఉండగానే ఇది చేయొచ్చు. పాత వెర్షన్లలో క్యాష్‌వోల్ ఉండదు, క్యాష్‌పూల్ వాడాలి.

డెబియన్, ఉబుంటుల్లో థిన్-ప్రొవిజనింగ్-టూల్స్ ప్యాకేజీ ముందే వేసుకోండి. క్యాష్‌ను ఆన్ చేసేముందు ఎల్‌వీఎం దాని మెటాడేటాను (ఏ బ్లాకు ఎక్కడుందో చెప్పే పట్టికను) క్యాష్_చెక్ అనే ప్రోగ్రాంతో చూసుకుంటుంది. అది ఆ ప్యాకేజీలోనే ఉంటుంది. లేకపోతే రీబూట్ తర్వాత వాల్యూమ్ లేవదు. రూట్ ఫైల్‌సిస్టమే క్యాష్ మీద ఉంటే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఇమేజ్‌ను) కూడా తిరిగి తయారుచేయాలి.

ఇంత చేశాక 50 జీబీ వీడియో కాపీ చేసి, తేడా లేదేమిటని నిరాశపడేవాళ్లే ఎక్కువ. ఉండదు మరి. 7200 ఆర్‌పీఎం డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు. సగటున సగం చుట్టు నిరీక్షణ, దానికి తోడు హెడ్ జరగడానికి మరో 8, 9. అంటే చెల్లాచెదురుగా చదివితే సెకనుకు 80 రీడ్‌ల దరిదాపు. వరసగా చదివితే అదే డిస్కు సెకనుకు 150 ఎంబీ సునాయాసంగా ఇస్తుంది. క్యాష్ గెలిచేది మొదటి రకం పనిలోనే: థంబ్‌నెయిళ్లు, ప్రాజెక్ట్ ఫైళ్లు, డేటాబేస్, వేల చిన్న ఫైళ్లున్న ఫోల్డర్లు. అదీ మొదటిరోజే కాదు. ఏ బ్లాకులు పదే పదే వాడుతున్నారో గమనించి మెల్లగా పైకి తెచ్చుకుంటుంది. వారం వాడాక ఎల్‌వీఎస్ కమాండ్‌లో క్యాష్ రీడ్ హిట్స్ (ఎస్‌ఎస్‌డీలో దొరికినవి), మిసెస్ (దొరకనివి) చూడండి.

క్యాష్ డేటాను ముక్కలుగా కదుపుతుంది, ఆ ముక్క సైజు సంగతి. 200 జీబీని 64 కేబీ ముక్కలు చేస్తే 32 లక్షలు దాటతాయి. ఎల్‌వీఎం డిఫాల్ట్ హద్దు 10 లక్షలు కాబట్టి సైజును అదే పెంచేస్తుంది. ఒక ముక్కను పైకి తెచ్చేటప్పుడు మొత్తంగా తెస్తుంది కాబట్టి 4 కేబీ కోసం 200 కేబీ పైన ఎస్‌ఎస్‌డీలోకి రాయడం జరుగుతుంది. చవక ఎస్‌ఎస్‌డీ అయితే దాని ఆయుష్షు లెక్కేసుకోవాలి.

ఇక రైట్‌బ్యాక్. రాతలు కూడా వేగంగా కావాలనుకునేవాళ్లు ఈ మోడ్ వైపు మొగ్గుతారు. ఇందులో కొత్త డేటా కొంతసేపు ఎస్‌ఎస్‌డీలో మాత్రమే ఉంటుంది. అది పోతే హార్డ్ డిస్కు నిక్షేపంలా ఉన్నా ఫైల్‌సిస్టం ముక్కలే. రైట్‌త్రూలో ఎస్‌ఎస్‌డీ చచ్చినా డేటా అంతా కింద పదిలం. చచ్చిన ఎస్‌ఎస్‌డీని తీసేయడానికి ముందు ఎల్‌వీకన్వర్ట్ అన్‌క్యాష్‌ను ఫోర్స్‌తో నడిపి, ఆ తర్వాతే వీజీరెడ్యూస్ రిమూవ్‌మిస్సింగ్. ఈ వరస తిప్పకండి.

విశాఖలో కరెంటు సంగతి వేరే చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చూసిన ఊరు. సిస్టం ఉన్నపళంగా ఆగిపోతే, తిరిగి లేచాక డీఎం-క్యాష్ తన బ్లాకులన్నీ డర్టీవే, అంటే ఇంకా హార్డ్ డిస్కుకు దించనివే, అనుకుంటుంది. డర్టీ గుర్తులను అది ఎప్పటికప్పుడు రాసుకోదు, సక్రమంగా ఆపినప్పుడే రాస్తుంది. దాంతో నిండిన క్యాష్ మొత్తం కిందికి దించడం మొదలుపెడుతుంది. 200 జీబీ వరసగా రాసినా 20 నిమిషాలు దాటుతుంది, చెల్లాచెదురు ముక్కలు కాబట్టి ఇంకా చాలా ఎక్కువ. హార్డ్ డిస్కు ఎస్‌ఎంఆర్ రకమైతే (ట్రాకులు ఒకదానిమీద ఒకటి పడేలా రాసేది, చెల్లాచెదురు రాతల్లో నెమ్మది) గంటలే. ఆ గరగర విని డిస్కు పోయిందనుకుని ఎస్‌ఎస్‌డీ పీకేయకండి. ఎల్‌వీఎస్‌లో క్యాష్ డర్టీ బ్లాక్స్ తగ్గుతోందో లేదో చూస్తూ కూర్చోండి. యూపీఎస్ లేనిచోట రైట్‌బ్యాక్ ఊసే వద్దు.

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టం వాడేవాళ్లకు స్పెషల్ వీడెవ్ (మెటాడేటా కోసం వేరుగా పెట్టే డిస్కు) ఉంది. మెటాడేటా, కావాలంటే చిన్న ఫైళ్లు నేరుగా ఎస్‌ఎస్‌డీలోనే ఉంటాయి. అది క్యాష్ కాదు, అక్కడున్నదానికి కింద ఇంకో కాపీ లేదు. కాబట్టి రెండు ఎస్‌ఎస్‌డీల మిర్రర్ లేకుండా పెట్టొద్దు. బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్‌సిస్టం ఈ పని కోసమే పుట్టినట్టుంటుంది గానీ, 6.7లో కెర్నల్‌లోకి వచ్చి 6.18లో బయటికి పోయింది. స్టూడియో డేటాకు ఇప్పుడే వద్దు.

ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు లాంటి సముద్రం పక్క ఇళ్లలో ఇంకొకటి చూసుకోవాలి. ఉప్పుగాలికి సాటా కనెక్టర్లు పాడవుతాయి. డిస్కు తన ఆరోగ్యం తానే రాసుకునే స్మార్ట్ పట్టికలో 199వ నంబరు, అంటే సీఆర్‌సీ ఎర్రర్లు (కేబుల్‌లో వెళ్తూ చెడిన డేటా లెక్క), పెరుగుతుంటే డిస్కు మార్చేముందు కేబుల్ మార్చి చూడండి. ఆ అంకె మళ్లీ సున్నాకు రాదు. పెరగడం ఆగితే చాలు.