మందు చేసిన మేలు, అంబలి చేసిన మేలు

నా కడుపులో పుండు తైద (రాగి) అంబలితో మానిందని మా చుట్టాలు ఇప్పటికీ నలుగురికీ చెబుతున్నారు. మానింది మందులతో. అంబలి చేసిన మేలు వేరే ఉంది, అదీ చిన్నదేం కాదు. ఈ రెండింటినీ కలిపేసి చెబితే ఇంకెవరైనా మందులు పక్కన పెట్టి అంబలి తాగుతూ కూర్చుంటారేమోనన్న భయంతో రాస్తున్నాను.

మాది హన్మకొండ. స్కూల్లో టీచర్ని. ఆ ఏడు ఎండాకాలం నుంచే పై కడుపులో మంట. అర్ధరాత్రి నొప్పితో మెలకువ వచ్చేది. ఏదైనా తింటే తగ్గేది, కాసేపటికి మళ్లీ మొదలు. ఒక డాక్టర్‌కు చూపిస్తే "గ్యాసమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని గోలీలు రాశారు. వేసుకున్నన్నాళ్లు బాగుండేది, ఆపితే నొప్పి తిరిగొచ్చేది. మళ్లీ పోతే మళ్లీ అవే గోలీలు. ఒక్కసారి ఎండోస్కోపీ చేయిద్దామని ఆయన నోట రాలేదు. ఆయన మీద కోపం నాకు ఇంకా పోలేదు.

బతుకమ్మ రోజులొచ్చాయి. తెల్లారితే సద్దుల బతుకమ్మ, పండగ ఆఖరి రోజు. గునుగు పూలకు రంగులద్దుతుంటేనే ఆయాసం, రెండు మెట్లెక్కితే గుండె దడ. సాయంత్రం విరేచనం తారులాగా నల్లగా, జిగటగా పోయింది, భరించలేని వాసన. రాత్రి బాత్రూం తలుపు దగ్గర కళ్లు తిరిగి పడిపోయాను. మా ఆయన దగ్గర్లోని నర్సింగ్ హోంకు తీసుకుపోయారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూనే నవ్వాడు. "పండగ కదా మేడం, పిండివంటలు గట్టిగానే లాగించినట్టున్నారు." నల్లగా పోయిందని రెండుసార్లు చెప్పాను. గ్యాస్ ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపించాడు. ఆ పూట నేను తిన్నది ఇంత పెరుగన్నం.

ఇంట్లో పడుకుంటే చెమటలు, చేతులు మంచులా చల్లబడ్డాయి. వీధిలో ఎక్కడో ఇంకా డీజే మోగుతోంది. గొంతు ఎండిపోతోంది, లేచి నీళ్లు తాగే ఓపిక లేదు. పక్క గదిలో పిల్లలు నిద్రపోతున్నారు. వాళ్లను లేపి ఒక్కసారి చూసుకోవాలనిపించింది, లేపితే భయపడతారని ఊరుకున్నాను. అప్పుడు అత్తమ్మ లేచొచ్చింది. ఫోన్ లైటు వేసి నా కింది రెప్ప లాగి చూసింది. "కండ్లల్ల నెత్తురు చుక్క లేదురా! గ్యాసు లేదు, గీసు లేదు. లే, కారు తియ్యి" అని కొడుకు మీద కేకేసింది. ఐదో తరగతి కూడా చదవని మనిషి. కారులోనే వాంతి అయింది, అదీ నల్లగానే.

రెండో ఆసుపత్రిలో పని చకచకా జరిగింది. హిమోగ్లోబిన్ ఆరు కూడా లేదు. ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు మొదట్లో పుండు ఉందని, రక్తం కారుతున్న చోట క్లిప్ వేశామని చెప్పారు. సద్దుల రోజు ఊరంతా పూలతో వేయిస్తంభాల గుడికి పోతుంటే నాకు రక్తం ఎక్కుతోంది. అది ఇచ్చిందెవరో తెలియదు. ఎవరైనా సరే, వాళ్లు, వాళ్ల పిల్లలు చల్లగా ఉండాలి.

చూడ్డానికొచ్చిన చిన్నత్తమ్మ మంచం పక్కనే నిలబడి "ఆ కారం తిండికి పేగులకు పుండ్లు పడక ఏమైతది" అంది. మా ఇంట్లో వాడేది చపాటా మిర్చి, కూరకు ఎర్రటి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఆ సంగతి వరంగల్ జిల్లాలో పుట్టిన మనిషికి చెప్పాలా? ఆ మాట నన్ను రోగం కంటే ఎక్కువ బాధపెట్టింది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరమ్మకు నా మొహం చూసి ఏమర్థమైందో, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇలాంటి పుండ్లు ఎక్కువగా హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా వల్లో, నొప్పి గోలీల వల్లో వస్తాయని, కారం పుండును పుట్టించదని చెప్పింది. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ అనే డాక్టర్ ఇది నిరూపించడానికి 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగాడట. 2005లో ఆయనకూ రాబిన్ వారెన్‌కూ నోబెల్ వచ్చింది. నా పరీక్షలోనూ ఆ క్రిమే తేలింది. రెండు రకాల యాంటీబయాటిక్స్, యాసిడ్ తగ్గించే గోలీ, 14 రోజుల కోర్సు. నోరంతా చేదు, తుప్పు రుచి. ఒక్క పూట కూడా మానలేదు.

ఇంటికొచ్చాక అసలు కష్టం తిండితో మొదలైంది. ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, లోపల మళ్లీ ఏదైనా తెగుతుందేమోనని భయం. అత్తమ్మ నాతో వాదించలేదు. రాత్రి తైద పిండిని నీళ్లలో కలిపి మూత పెట్టేది. పొద్దున పులిసిన ఆ పిండిని మరిగే నీళ్లలో సన్నగా పోస్తూ, గడ్డ కట్టకుండా తెడ్డుతో తిప్పేది. చల్లారాక పలుచటి మజ్జిగ, ఉప్పు. ఇద్దరం వంటింట్లో పీటలేసుకుని కూర్చునేవాళ్లం. ఫోన్లు బయటి గదిలోనే. "ఒక గుటక తాగు, గిన్నె కింద పెట్టు, మల్ల తాగు." అంతే ఆమె చెప్పేది. అన్నానికి కూర్చుంటే మొదటి ముద్ద తీసి కాకులకు పక్కన పెట్టేది. ఆ ముద్ద తీసి, ఒక్క క్షణం ఆగి, తర్వాతే తినడం నాకూ అలవాటైంది. ఆ క్షణంలోనే భయం కొంత దిగేది. తింటున్నది ఏమిటో, వేడి ఎంతో, ఆకలి ఎక్కడ తీరిందో నాకే తెలియసాగింది. పరుగు మీద నిలబడి తినే ఉద్యోగస్తురాలికి అది కొత్త. అంబలి చేసిన మేలంటే ఇదే. పులిసిన పిండిలోని ఇనుము ఒంటికి తేలిగ్గా పడుతుందని డైటీషియన్ చెప్పారు, అది అదనం. ఐరన్ గోలీకి, టీకి మధ్య కనీసం గంట ఎడం ఉండాలన్నారు. పొద్దున్నే టీ లేకుండా ఉండలేని నేను దానికీ అలవాటుపడ్డాను.

ఎవరో ఆకుపసరు తెస్తే మాత్రం అత్తమ్మే గుమ్మంలో ఆపేసింది.

ఒక పొద్దున మళ్లీ విరేచనం నల్లగా వచ్చింది. కాళ్లు వణికాయి, ఏడ్చుకుంటూ ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఐరన్ గోలీలు వేసుకుంటే రంగు అలా మారుతుందట, జిగట, ఆ పాడు వాసన ఉండవట. మందులిచ్చినప్పుడే ఈ ఒక్క ముక్క చెబితే ఆ పూటంతా చచ్చి బతికేదాన్ని కాదు కదా!

కోర్సు అయిపోయాక కనీసం నాలుగు వారాలు ఆగి క్రిమి పోయిందో లేదో మళ్లీ పరీక్ష చేయించాలి. నొప్పి తగ్గిందని చాలామంది దీన్ని వదిలేస్తారు, మీరు అడిగి మరీ చేయించుకోండి. నాకు లేదని వచ్చిన రోజు అత్తమ్మ భద్రకాళి అమ్మవారికి ఒడిబియ్యం మొక్కు చెల్లించింది. అమ్మవారి దయ లేకుండా ఆ రాత్రి ఆమెకు మెలకువ వచ్చేది కాదని నేనూ నమ్ముతాను.

ఇక ఆ నర్సింగ్ హోం అబ్బాయికి. పండగైనా, మామూలు రోజైనా, నల్లగా పోయిందని ఎవరైనా చెబితే ఫోన్ పక్కన పెట్టి, ఎలా పోయింది, ఎన్నిసార్లు పోయింది అని అడుగు బాబూ. కింది రెప్ప లాగి చూడు.